ఫోను ఆపేయాల్సిన చోటు

అక్కడ పనిచేసేటప్పుడు సెల్‌ఫోను ఆపేయాలని కాగితంలో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. మా అమ్మాయి ఏంజెల్‌కు మహారాష్ట్రలో పరిశోధన చేసే అవకాశం వచ్చింది. అక్కడున్నవి ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే పెద్ద గిన్నెల్లాంటి యాంటెన్నాలట. ఆడపిల్ల ఫోను ఎత్తకపోతే నేనేమనుకోవాలి?

"నువ్వు సరేనంటేనే వస్తానని మెయిల్ పెడతానమ్మా. శుక్రవారం ఆఖరు," అంది.

నేను సరే అనలేదు. చర్చిలో స్త్రీల కూడికలో మాత్రం ప్రార్థన చీటీ ఇచ్చాను. 'మా ఏంజెల్ ప్రాణానికి అపాయం రాకుండా.' అంతే రాశాను.

శుక్రవారం పొద్దున్నే ఆ కూడికలోని ఆరుగురు ఆడవాళ్ళు కొబ్బరి బొండాలు, నాటుకోడి గుడ్లు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో విజయగారు ఏంజెల్ జుట్టు నిమిరి చూసి, "ఊడలేదు, దేవుడి దయ. ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారమ్మా?" అన్నారు.

ఏంజెల్ నావైపు చూసింది. దానికి జబ్బేమీ లేదని, నా భయమంతా ఆ ఫోను గురించేనని ఇక చెప్పక తప్పలేదు.

"ఫోను ఆపించే ఉద్యోగం ఏంటండీ?" విజయగారికీ అనుమానమే.

ఏంజెల్ ఆవిడ నల్లకళ్ళద్దాలు అడిగి తీసుకుంది. వాళ్ళాయన కువైట్ నుంచి తెచ్చినవి. వాటిని ఫోను తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పింది. తెర నల్లబడింది. ఇంకాస్త తిప్పితే మళ్ళీ వెలిగింది.

"ఈ తెర వెలుగు ఒకే వాటున ఊగుతుందండీ, ఈ రకం అద్దాలు దానికి అడ్డంగా తిరిగితే ఆపేస్తాయి. నక్షత్రాల మధ్య నుంచి వచ్చే రేడియో తరంగాలూ కొన్ని అంతే. ఎటు ఊగుతున్నాయో కొలిస్తే, అక్కడి అయస్కాంత క్షేత్రం ఎటు పరుచుకుందో తెలుస్తుంది. కంటికి కనపడదు కదా, ఇలాగే పట్టుకోవాలి."

"ఆ గిన్నెలు మీమీదకి ఏమన్నా వదుల్తాయా?" అన్నాను.

"ఏమీ వదలవమ్మా. వినడమే. వచ్చేది మరీ సన్నగా ఉంటుంది, పక్కన ఫోనుంటే దాని గోలలో కలిసిపోద్ది."

పురిట్లో దీనికి ఆయాసం వచ్చినప్పుడు, ఊపిరి ఆడుతోందో లేదో వినడానికి ఫ్యాను ఆపించేదాన్ని. అత్తగారిని దగ్గవద్దనేదాన్ని. అంత సన్నటి చప్పుడు వినాలంటే ఇంట్లో ఏదీ మోగకూడదు.

"ఆఫీసులో మామూలు ఫోను ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

"నంబరు పెద్దక్షరాల్లో రాసివ్వు. పనిలో ఉన్నప్పుడు చెయ్యనులే." అది నమ్మనట్టు చూసింది. "రోజుకొక్కసారి. మెయిల్ పెట్టెయ్."

"ఆయ్," అని విజయగారే ముందన్నారు, బొండం కొట్టడానికి కత్తి అడుగుతూ.