రాక్షసిని లేపే మాట

జిగురు ఆరకముందే కొమ్ము మళ్ళీ వాలిపోయింది. బడిపిల్లలు గురక టీచరని పిలిచే ఆవిడ విసుక్కుంటూ సూది తీసి, ఆ అట్ట కొమ్మును గుడ్డపట్టీకి గట్టిగా కుట్టి, దారం కొస పళ్ళతో తెంపింది. వంటింటి బల్లమీద ఒకపక్క టీ చల్లారుతోంది, ఇంకోపక్క అక్షరాల అట్టముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో పొద్దున్నే లేచి రాక్షసి కొమ్ములు కుట్టుకోవడమేమిటని ఎవరైనా నోరెళ్ళబెడతారు. ఆమె భర్త మాత్రం నోరెళ్ళబెట్టీ పెట్టీ ఏనాడో అలసిపోయాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి తగిలించుకున్న భూతద్దంతోనే ఆమెవైపు తిరిగాడు.

"బడిలో పడుకుని గురకపెట్టి జీతం తెచ్చుకునేది లోకంలో నువ్వొక్కదానివేనే."

"మీరు ఇంట్లో ఊరికే పెడుతున్నారుగా. ఎవరిది తెలివి?"

ఆయన పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి ఎడమ భుజం పట్టుకుంది. రాత్రినుంచి అది పీకుతూనే ఉంది. నుదుటిమీది చెమట చూసి ఆయన భూతద్దం పైకి తోసుకున్నాడు.

"ఇవాళ మానెయ్యి. డాక్టరు దగ్గరికి పోదాం."

"ఇవాళా! అమ్మో, ఇవాళ మానేస్తే పిచ్చుక కొంప మునిగిపోతుంది. రేపు పోదాం లెండి."

పిచ్చుక ఆమె తరగతిలో పిల్ల. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, కళ్ళమీద పడే జుట్టు. ఇంట్లో నోరు మూస్తే ఒట్టు అంటుంది వాళ్ళమ్మ. బడిలో నిలబెట్టి చదవమంటే మాత్రం ఆ నోరు పెగలదు. ఈ పిల్లకు చదువు అంటలేదని బడి నడిపే పెద్ద టీచరు తేల్చేసింది. ఈరోజు మధ్యాహ్నం ఆవిడే స్వయంగా వచ్చి వింటుంది. ఒక్క మాటైనా చదవకపోతే రేపట్నుంచి పిచ్చుక చిన్నపిల్లల గదిలో కూర్చోవాలి. అక్కడికి దింపితే ఆ పిల్ల ఇక జన్మలో పుస్తకం ముట్టదని గురక టీచరు భయం. ఆ భయం ముందు భుజం నొప్పి ఏపాటి?

బడి మేడమీద ఉంది. కింద బట్టలు ఉతికే దుకాణం. మెట్లనిండా సబ్బువాసన, వేడి ఆవిరి. సగం మెట్లెక్కి ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. పైనుంచి పెద్ద టీచరు తొంగిచూసేసరికి తాళంచెవులు వెతుక్కుంటున్నట్టు సంచిలో చెయ్యి పెట్టింది.

"ఇంకా ఆ కొమ్ములేనా!" ఆవిడ నిజంగానే నిర్ఘాంతపోయింది. "ఈ వయసులో నేలమీద పొర్లడమేమిటండీ? పైన ఎవరు పడుకుంటున్నారని కింద బట్టలవాళ్ళు నన్నడుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది."

"పిల్లలు చదువుతున్నారని చెప్పకపోయారా?"

"ఎవరైనా నమ్మే మాటేనా అది? ఆట ఆటే, చదువు చదువే."

"ఏ పిల్లకైనా ఆ రెండూ కలిసే కావాలి కదండీ," అంది గురక టీచరు, ఊపిరి కూడదీసుకుని.

ఈ సంగతి ఆమెకు మాత్రం ఊరికే తెలిసిందా! చిన్నప్పుడు ఆమె తప్పు చదివినప్పుడల్లా పంతులు వేళ్ళ కణుపులమీద బెత్తంతో కొట్టేవాడు. అక్షరం చూస్తేనే చేతులు వెనక్కి దాచుకునేది. తాను టీచరయ్యాక పిల్లల్ని హాయిగా ఆడుకోనిచ్చింది. ఏడాది తిరిగేసరికి వాళ్ళు కోటలు కట్టారు, వంటలు చేశారు, బొమ్మలకు పెళ్ళిళ్ళు చేశారు. తమ పేరు రాసి చూపిస్తే మాత్రం ఇదెవరిదని అడిగారు! ఆ రోజునుంచి ఆటలకు ఒక వరస పెట్టింది. మొదట మాటను చప్పట్లతో ముక్కలు చెయ్యాలి. తర్వాత ఒక్కో ముక్కకూ ఒక్కో అక్షరం, ఆ తర్వాత గుణింతం. నేర్పని అక్షరాన్ని ఏ ఆటలోకీ రానిచ్చేది కాదు. దుకాణం ఆటలో కావలసిన వస్తువు చీటీ చదివితేనే చేతికొస్తుంది. చదవలేకపోతే కొట్టువాడి వేషంలో ఉన్న గడుగ్గాయి "సరుకు లేదు, రేపు రండి" అని తలుపు వేసేస్తాడు.

అన్నిటికన్నా పిల్లలకు ప్రాణం నిద్రపోయే రాక్షసి ఆట. టీచరు కొమ్ములు పెట్టుకుని చాపమీద పడుకుంటుంది. ఒక్కరు అట్టముక్కలు చదవాలి. తప్పు చదివితే కిటికీ అద్దాలు అదిరేలా గురక. ఒక్క అక్షరం సరిగ్గా చదివితే గురక ఆగుతుంది. మాట మొత్తం సరిగ్గా చదివితే రాక్షసి అరుస్తూ లేచి గదంతా తరుముతుంది. మాట పూర్తయ్యేదాకా రాక్షసిని ఎవరూ ముట్టుకోకూడదు, చదివేవాళ్ళకు ఎవరూ అందించకూడదు. ఈ రెండు నియమాలూ పిల్లలు కంటికి రెప్పలా కాపాడతారు. అందరిముందూ నిలబెడితే నోరు విప్పని పిచ్చుక, కళ్ళు మూసుకున్న ఆ రాక్షసికి మాత్రం గుసగుసగా చదివి వినిపిస్తుంది.

ఈ రోజు మాట 'మేలుకో'. నిన్న పిచ్చుక 'మేలుకే' అని తప్పు చదివింది. గురక విని మిగతావాళ్ళు నవ్వారుగానీ పిచ్చుక కళ్ళనిండా నీళ్ళు.

పొద్దుటంతా గురక టీచరు ఆ పిల్లను పక్కనే పెట్టుకుంది. బంకమట్టి నులిమి 'కే' చేయించింది, 'కో' చేయించింది. ఇసుక పళ్ళెంలో వేలితో రాయించింది. చివరికి చిన్న అద్దం చేతికిచ్చింది.

"కే అను. నోరెలా ఉంది?"

"నవ్వుతున్నట్టుంది."

"కో అను."

పిచ్చుక అద్దంలో చూసుకుని ఆశ్చర్యపోయింది. "గుండ్రంగా అయింది, టీచర్!"

"అంతే మరి. మూతి గుండ్రంగా చుట్టావంటే రాక్షసి లేచి కూర్చోవలసిందే. చచ్చినట్టు లేస్తుంది."

ఆ మాట అంటూ ఆమె పిచ్చుక జుట్టు చెవి వెనక్కి తోసింది. మట్టి అంటిన తన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచింది. పిల్లలు అదీ ఆటేననుకుని తామూ అలాగే లేచారు.

మధ్యాహ్నం కిటికీ తెరలు దించారు. పెద్ద టీచరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. గురక టీచరు కొమ్ములు సర్దుకుని చాపమీద వాలింది. దిండుమీద తల పెడుతూ పిచ్చుకకు కన్నుకొట్టి, కళ్ళు మూసుకుంది. గురక మొదలైంది. ఎప్పటికన్నా గట్టిగా, ఏదో అడ్డుపడుతున్నట్టుగా వస్తున్న ఆ గురకకు పిల్లలు నోళ్ళు నొక్కుకుని నవ్వారు. ఇంత బాగా నటిస్తుందా ఈవిడ అని పెద్ద టీచరుకే నవ్వొచ్చింది.

పిచ్చుక అట్టముక్క రెండు చేతుల్తో పట్టుకుని చాప అంచున మోకాళ్ళమీద కూర్చుంది.

"మే."

గురక ఆగిపోయింది. "రైట్!" అని పిల్లలు కేక పెట్టారు.

"లు."

గదిలో చప్పుడు లేదు. పిచ్చుక గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మూతి గుండ్రంగా చుట్టింది.

"కో. మే-లు-కో. మేలుకో!"

గుమ్మంలో పెద్ద టీచరు చేతులు విప్పేసింది. తన చెవులను తానే నమ్మలేకపోయింది. స్పష్టంగా, గంట కొట్టినట్టు చదివింది ఆ పిల్ల! పిల్లలంతా తరిమించుకోవడానికి గోడలవైపు పరుగెత్తారు.

రాక్షసి లేవలేదు.

పిచ్చుక అట్టముక్కవంక చూసింది, టీచరువంక చూసింది. "మేలుకో," అంది మళ్ళీ. తర్వాత గొంతు సన్నగా అయిపోయింది. "మేలుకే? మేలుకా? మేలుకీ?" తెలిసిన గుణింతమంతా వరసగా చదివేసింది. గోడల దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టారు. నియమం నియమమే. ఒక్కరూ అందించలేదు, ఒక్కరూ ముట్టుకోలేదు.

పెద్ద టీచరుకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం పంతం? పసిదాన్ని ఇంత ఏడిపించాలా? చెప్పులతోనే చాప తొక్కుకుంటూ వచ్చేసింది.

"చాల్లెండి మీ నాటకం! చదివింది కదా, లేవరేం?" అంటూ భుజం పట్టి కుదిపింది.

తల పక్కకు వాలింది. కొమ్ముల పట్టీ జారి దిండుమీద పడింది. పెద్ద టీచరు చెయ్యి ఆ భుజంమీదే ఉండిపోయింది. తీయడం కూడా చేతకాలేదు. చివరికి తాను ఆమెతో అన్న మాట అదే. నాటకం అంది!

ఎదురింటి డాక్టరు పరుగున వచ్చాడు. వచ్చినంత వేగంగానే తల అడ్డంగా ఊపాడు. గడియారాలాయన వచ్చాడు, భూతద్దం ఇంకా నుదుటిమీదే ఉంది. "రేపు పోదామంది, డాక్టరు గారూ, రేపు పోదామంది," అని అదే మాట అంటూ నిలబడ్డాడు. ఆయన్నీ ఆమెనూ మెట్లమీదుగా జాగ్రత్తగా దించారు. కింద బట్టలవాళ్ళు పని ఆపి తలలు వంచుకున్నారు.

పిల్లల్ని ఒక్కొక్కరినే అమ్మలు తీసుకుపోయారు. పిచ్చుక మాత్రం వరండాలో గోడకు అతుక్కుని కదలనంది. వాళ్ళమ్మ బతిమాలింది, కోప్పడింది, తానూ ఏడ్చింది.

"నేను తప్పు చదివాను," అంది పిచ్చుక. "అందుకే లేవలేదు."

"తప్పు కాదమ్మా, సరిగ్గానే చదివావు. నేను విన్నానుగా," అంది పెద్ద టీచరు.

"రైటయితే లేస్తారు కదా."

పిల్లలకు అక్షరాలు రాలేదని తీర్పు చెప్పడం తప్ప ఏమీ రాని పెద్ద టీచరుకు, ఇప్పుడు ఈ పిల్లకు ఏం చెప్పాలో నేర్పేదెవరు? చుట్టూ చూసింది. చీర కొంగు దోపుకుంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఇన్నేళ్ళుగా నేలమీద కూర్చోని మనిషి, గోడ పట్టుకుని మెల్లగా దిగి, ఆ వరండా బండలమీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. పిచ్చుక తల్లి అదిరిపడి ఓ అడుగు వెనక్కి వేసింది.

"చదువు తల్లీ," అంది పెద్ద టీచరు కళ్ళు తెరవకుండా. గురక పెట్టబోయింది, ఏడుపొచ్చింది.

తర్వాత చెవి దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది.

"మే-లు-కో."

పెద్ద టీచరు లేచి కూర్చుంది. కొప్పు ఊడిపోయింది, వీపంతా దుమ్ము. "చూశావా? లేచాను. నువ్వు చదివావు కాబట్టే లేచాను. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఈ గదిలోనే ఉంటావు."

పిచ్చుక ఆవిడ మొహంలోకి పరీక్షగా చూసింది. నమ్మినట్టే ఉంది. చిన్నగా తల ఊపింది కూడా. "మరి మా టీచరు?" అని అడిగింది.

ఆవిడ పిల్లను గుండెలకు అదుముకుని, వాళ్ళమ్మ ముందే, సిగ్గు లేకుండా బావురుమంది.

వెళ్ళబోతూ పిచ్చుక అమ్మ చెయ్యి విడిపించుకుని గదిలోకి వెళ్ళివచ్చింది. అందరూ పోయాక పెద్ద టీచరు తలుపు వెయ్యడానికి వెళ్ళింది. చాప అలాగే పరిచి ఉంది. దిండుమీద పొద్దున కుట్టిన కొమ్ముల పక్కన, ఎవరైనా కళ్ళు తెరిస్తే ఎదురుగా కనిపించేట్టు, మట్టివేళ్ళ మరకలున్న 'మేలుకో' అట్టముక్క నిలబెట్టి ఉంది.