తవిటమ్మకి తోడు

మంగళవారం పొద్దున్న డయాలసిస్ గదిలో, తవిటమ్మ కడుపులోని ఏలికపాము బయటికొచ్చి తోడొచ్చినవాళ్ల స్టూలు మీద కూర్చుంటుంది. ఎవరూ ఉలిక్కిపడరు. తోడు లేనివాళ్లని మంచం ఎక్కించకూడదని అక్కడి రూలు. మొగుడు కూడా ఇదే కిడ్నీ జబ్బుతో పోయాక, తవిటమ్మకున్న దిక్కల్లా అదే మరి!

సిస్టరు కాగితం చాపితే పాము వేలిముద్ర వేస్తుంది. దానికి వేళ్లెక్కడివని నన్నడక్కండి, ముద్ర మటుకు పడుతుంది.

తవిటమ్మకి రోజుకి అరలీటరే నీళ్లు. అందులో సగం పామే తాగేస్తుంది. అయినా మిషను మీద పిక్కలు పట్టేస్తే, రుద్దేది కూడా అదే.

గురువారం డాక్టరు ఒక మాత్ర ఇస్తాడు.

"నీ తిండంతా పురుగే తింటోందమ్మా. ఇది నమిలి మింగు. లేకపోతే నువ్వు మిగలవు."

"మింగితే రేపట్నించి నాకు తోడెవులొస్తారు బాబూ?"

"అదీ నిజమే," అంటాడు డాక్టరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవిటమ్మ మాత్రని కొంగున ముడేసుకుని ఇంటికెళ్లి ఏడుస్తుంది. ఏడుస్తుంటే అమ్మ చేసిన పని గుర్తొస్తుంది. ముందు పుట్టిన నలుగురూ పోతే, అమ్మ తనని పక్కింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుంది. తవుడుకి కొన్న బిడ్డని చావు ముట్టదు. ఆ పేరూ అలా వచ్చిందే.

శనివారం తవిటమ్మ చేటతో తవుడు తెస్తుంది. పక్క మంచం మీది డిల్లెమ్మ ఒళ్లో పాముని పెడుతుంది.

"వదినా, ఇది నీది. ఈ తవుడు తీసుకుని నాకు అమ్మీ."

"ఓలమ్మో! మరి పేరేటి పెడతావు?"

"తవుడుకి కొన్నదానికి ఇంకేటి పేరుంటాది? తవిటమ్మే."

ఇక దానికి చావు భయం లేదని, తవిటమ్మ మాత్ర నమిలేస్తుంది. పాముకి ఏమీ కాదు. వచ్చిన చావు వట్టి చేతుల్తో తిరిగిపోతుందా? పేరు ఇచ్చేసిన మనిషికే కాళ్లు చల్లబడతాయి, పిచ్చి తల్లి!

మంగళవారం సిస్టరు, "తవిటమ్మా!" అని కేకేస్తుంది.

పాము లేచి బరువు చూసుకుంటుంది. నలభై రెండు కిలోలు, కార్డులో ఉన్నంతే. మంచమెక్కి సూది కోసం ఒళ్లు చాపుతుంది.

"తోడెవరొచ్చారు?"

"నానే సిస్టరమ్మా," అంటుంది తవిటమ్మ, దాని కడుపులోంచి.

సిస్టరు కాగితం చాపుతుంది. లోపల చీకట్లో తవిటమ్మ తన వేళ్ల కోసం వెతుక్కుంటుంది.