కడిగిపెట్టిన పంచ్‌లు

గంగాభవాని మూడో పంచ్‌ను కూడా బల్ల మీదికి విసిరేసింది. ఆ ఇనుప కడ్డీ దొర్లుకుంటూ వెళ్ళి, సామాను బిగించి పట్టే వైస్‌కు తగిలి ఆగింది. దాని సన్నని కాడ ఒక పక్కకు వంగిపోయి ఉంది.

"అది కూడా పోనాదేటమ్మా?" గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న చినబాబు అడిగాడు.

ఆమె పంచ్‌ల పెట్టెను ముందుకు లాక్కుంది.

నర్సీపట్నంలో కొయ్యూరు రోడ్డు మీదున్న ఆ లేత్ షాపు ఆమె చేతికొచ్చి నెల కూడా కాలేదు. అంతకుముందు పదకొండేళ్ళు అక్కడే తాతాజీ మేస్త్రి దగ్గర పనిచేసింది. చూపు మందగించాక ఆయన షాపును ఆమెకు అప్పగించి, నాతవరంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. లేత్ పని ఆమెకు కొట్టిన పిండి. కానీ బల్ల దగ్గర సుత్తి, పంచ్‌లతో చేసే పనంతా ఆయనదే. ఆ పంచ్‌ల పెట్టెను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

చినబాబుది చెరకు గానుగ. పళ్ళు విరిగిన చక్రంతో సహా దాని ఇరుసును ఉదయం ఎనిమిదింటికే ఆటోలో వేసుకొచ్చాడు. కొత్త చక్రం కూడా తెచ్చుకున్నాడు. పాతదాన్ని ఇరుసుకు పట్టి ఉంచేది పెన్సిలంత లావున్న ఒక ఇనుప పిన్ను. అడ్డంగా దిగగొట్టిన ఆ పిన్నును పంచ్ పెట్టి కొట్టి తీసేస్తే చక్రం ఊడి వస్తుంది. పావుగంట పనని ఆమే మాటిచ్చింది. ఇప్పుడు పదకొండు దాటింది.

"నిన్న కొట్టిన సెరుకమ్మా. ఎండిపోతే రసం దిగదు," అన్నాడు చినబాబు. పొద్దుటి నుంచి అది మూడోసారి.

"తెలుసండీ," అంది ఆమె, మూడోసారే.

పెట్టెలో ఇరవైమూడు పంచ్‌లున్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. కొన్నప్పుడు ఉన్నట్టుగా ఒక్కటీ లేదు. అరిగిన ప్రతిదాన్నీ మేస్త్రి సానబట్టి ఇంకో పనికి మలుచుకున్నాడు. మొదట ఆమె సూదిమొన ఉన్నది తీసింది. అది పిన్ను నడినెత్తిన గుంట పెట్టింది తప్ప కదపలేదు. డ్రిల్లు పెట్టే ముందు గుర్తు కొట్టడానికి వాడేదని అప్పుడు తట్టింది. రెండోది లావైపోయి, రంధ్రం అంచుకు తగిలి చక్రాన్నే మోదింది. మూడోది సన్నగా పొడుగ్గా ఉంటే ఇదేననుకుని పెద్ద సుత్తితో బాదింది. వంగి ఊరుకుంది.

చేసేది లేక ఫోను తీసింది.

"ఎర్ర దారం సుట్టింది ఎత్తమ్మా," అన్నాడు తాతాజీ, అంతా విని. "దాని తరవాత పచ్చ దారంది."

"దారాలు లేవండీ."

"లేకపోడమేటి?"

షాపు చేతికొచ్చిన మొదటి ఆదివారమే గంగాభవాని పెట్టె బోర్లించి, పంచ్‌లన్నీ కిరసనాయిలులో నానబెట్టి, మురికి దారపు పోగులన్నీ బ్లేడుతో కోసి పారేసి, తళతళలాడేలా తుడిచి పెట్టుకుంది. ఆరోజు ఆ పని చూసుకుని ఎంతో మురిసిపోయింది కూడా.

"కడిగీసేనండీ. మురికనుకున్నాను."

"ముప్పై ఏళ్ళ గుర్తులమ్మా అవి," అన్నాడు తాతాజీ.

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "గుర్తులని నాకెలా తెలుస్తాదండీ? పదకొండేళ్ళలో ఒక్కనాడు సెప్పినారా? సెయ్యి పెడితే కసిరేవోరు."

చినబాబు తల తిప్పుకుని రోడ్డు మీద పోయే ఆటోల వంక చూస్తూ కూర్చున్నాడు.

"పిన్ను రెండు పక్కలా కొలిసేవా?" అని అడిగాడు తాతాజీ.

కొలవలేదు. ఆమె వెర్నియర్ తెచ్చి, గ్రీజు తుడిచి చూసింది. ఒక పక్క ఏడు మిల్లీమీటర్లు, రెండో పక్క ఆరు. పొద్దుటి నుంచీ ఆమె లావు పక్క నుంచే కొడుతోంది. కొట్టిన ప్రతి దెబ్బకూ పిన్ను ఇంకా బిగుసుకుంటూ వచ్చింది. ఈ తప్పు మేస్త్రిది కాదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది.

"సన్న పక్క నుంచి కొట్టు. ముందు పొట్టిది, కొన నుంచి లావెక్కీది. కళ్ళతో ఎతక్కు, సేతి ఏళ్ళ మజ్జిన దొర్లించు, తెలుస్తాది. పిన్ను కదిలేక పొడుగుది, కొసాకూ ఒకే లావున్నది పెట్టు. మొదటే అది పెట్టి బాదితే వంగిపోతాది."

ఆమె బల్ల మీద పడి ఉన్న మూడో పంచ్‌ను చూసింది. వంగిపోయిందని మాత్రం చెప్పలేదు. "సరేనండీ," అని ఫోను పెట్టేసింది.

ఇరుసును తిరగేసి వైస్‌లో బిగించింది. ఒక్కో పంచ్‌నూ వేళ్ళ మధ్య దొర్లించింది. ఐదోదానికి కొన వైపు సన్నదనం వేలికి తెలిసింది. దాన్ని పెట్టి రెండు దెబ్బలు వేసేసరికి పిన్ను కదిలింది. అయితే గోరంత లోపలికి వెళ్ళాక ఆ పంచ్ రంధ్రంలో పట్టేసింది. దాన్ని ఊడబీక్కునేసరికి నడుము విరిగినంత పనైంది. ఇక కావలసింది తను వంచేసిన పొడుగు పంచే.

తిట్టుకుంటూ లేత్ దగ్గరికి నడిచింది. మూలనున్న డబ్బాలోంచి పాత ట్రాక్టరు ఇంజను వాల్వ్ ఒకటి తీసి, దాని కాడను ఐదున్నర మిల్లీమీటర్ల లావుకు తరిగింది. ఇరవై నిమిషాల్లో చేతిలో కొత్త పంచ్ ఉంది. చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టింది. పిన్ను అవతలి పక్క నుంచి జారి కింద పడింది.

కొత్త చక్రం ఎక్కించి పంపేసరికి ఒంటిగంటన్నర.

"సాయంత్రానికి గానుగ తిప్పుతానేమో. సగం సెరుకైనా దక్కితే సాలు," అన్నాడు చినబాబు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆటో వెళ్ళాక మళ్ళీ మేస్త్రికి ఫోను చేసింది.

"అయిపోనాదండీ. మీ పొడుగు పంచ్ వంచీసేను."

"ఆఁ. నువ్వు సరేనన్నప్పుడే తెలిసింది," అన్నాడాయన. "రేపొచ్చి ఒక్కోటీ నీ సేతిలో పెట్టి సెప్తాను," అన్నాడు.

ఈ మాట పదకొండేళ్ళ కిందట అనాల్సిందని నోటి దాకా వచ్చింది.

"బేగి రండి," అంది. "పొద్దున్నే రెండు పనులున్నాయి."