మూడో చరణంలో మారిన మాట

నేను ఒక పాటను. ఒక గొంతు, ఒక పియానో ఉంటే చాలు నాకు. మూడో మనిషి వస్తే ఇరుకు. పందొమ్మిదో శతాబ్దం నడుమ, జర్మనీలోని ఒక చిన్న ఊళ్లో, ఒట్టీలియే అనే అమ్మాయి ఒక్క ఉదయంలో నన్ను కట్టింది. ప్రియుడు ఊరు విడిచి వెళ్లిపోతున్నాడని విని, బండి ఆపడానికి కొండ దిగి పరుగెత్తే పిల్ల కథ నాది. గొంతు పరుగెడుతుంటే పియానో వెనకాల తరుముతుంది. ఊపిరి పీల్చుకోవడానికి చోటు పెట్టడం కూడా ఒట్టీలియే మరిచిపోయింది. అచ్చువేసినవాడు మాత్రం నా నెత్తిమీద ‘నిదానంగా’ అని వేశాడు. మనుషులకు పరుగంటే అంత భయం!

ఎనభై ఏళ్లు అందరూ నన్ను నిదానంగానే పాడారు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు గుండెమీద చెయ్యి వేసుకుని మరీ సాగదీశారు. చివరికి ఒక దొరసాని పెట్టెలో ఓడెక్కి, రాజమండ్రిలో ఒక మిషను బడికి చేరాను.

అక్కడ తెలుగు టీచరు రత్నావళి, దొరసానిని అడిగి నా అర్థం తెలుసుకుని, బడి వార్షికోత్సవంలో తనే పాడడానికి నాకు తెలుగు మాటలు కూర్చింది. పియానో వాయించేది లెక్కల మాస్టారు జయానందం.

“మాస్టారూ, పరుగెత్తే పిల్ల పాటకి ఈ నత్తనడకేంటండీ?” అంది మొదటిరోజే.

“కాగితమ్మీద అలాగే ఉందండి.”

“కాగితం ఎప్పుడైనా పరుగెత్తిందా అండీ!”

ఆయన పకపకా నవ్వాడు. ఆ పూట నుంచి నాకు కాళ్లొచ్చాయి.

రెండు నెలల సాధనలో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమైపోయింది. ఆయన వేళ్లు ఎన్ని చెప్పినా నోరు మాత్రం పెగలలేదు. ఇంతలో ఆయనకు కర్నూలుకు బదిలీ అయింది. వార్షికోత్సవం మర్నాడే ప్రయాణం.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. రెండు చరణాలు గాలిలా దూసుకుపోయాయి. మూడో చరణంలో రత్నావళి, నా బాణీ చెడకుండా, మాట మార్చేసింది:

“పెట్టె సర్దుకున్నావు, పలకవేమోయ్!
రేపు బండెక్కుతావు, అడగవేమోయ్!”

పియానో ఠక్కున ఆగిపోయింది. ముందువరుసలో హెడ్‌మిస్ట్రెస్ ఆరోగ్యమ్మగారి విసనకర్రా ఆగింది. జయానందం లేచి నిలబడ్డాడు.

“అడుగుతున్నానండీ! నన్ను పెళ్లి చేసుకుంటారా?”

“ముందు పాట కానివ్వండి మాస్టారూ!”

ఆయన కూర్చుని చెలరేగిపోయాడు. ఎన్ని తప్పులో! ఆమె నవ్వుతూ పాడింది, పాడుతూ నవ్వింది. నా చివరి స్వరం అన్నిటికంటే పైనుంటుంది. దాని మీదికి ఎగిరి, రాసుకున్న మాట వదిలేసి, “సరే!” అని పాడింది.

అప్పుడు ఆరోగ్యమ్మగారు విసనకర్ర గాల్లో ఊపుతూ అరిచారు: “వన్స్ మోర్!”

కర్నూల్లో వాళ్లింట్లో పియానో లేదు. ఆయన భోజనాల బల్లమీద వాయించేవాడు, ఆమె వంటింట్లోంచి అందుకునేది. పప్పు మాడిన వాసన వచ్చేదాకా నేను ఆగేదాన్ని కాదు.