వినేవాళ్ళ కుర్చీ

పొద్దున్నే షట్టరు పైకి లేపి, గచ్చు తుడిచి, కుర్చీ మీద దుమ్ము దులిపి, స్టవ్ మీద టీ పెడితే మాటల టైలరు దుకాణం తెరిచినట్టు. అతను బట్టలు కుట్టడు. కుట్టింది అంతకుముందు ఆ గదిలో ఉన్నాయన. ఆయన ఖాళీ చేసి వెళ్తూ కుట్టుమిషను బల్లనీ, మేకుకు వేలాడే కొలతల టేపునీ, ఒక చేతుల కుర్చీనీ వదిలేసి వెళ్ళాడు. ఇతను ఆ బల్ల మీదే సన్మాన పత్రాలు, సభల్లో చదివే ఉపన్యాసాలు, పిల్లల వ్యాసాలు రాసేవాడు. రాస్తున్నంతసేపూ కింద కాలు మిషను తొక్కుతున్నట్టు ఆడుతుండేది. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

రాసింది ఒంటికి సరిపోయిందో లేదో తెలియాలంటే కుర్చీ ముందు నిలబడి గట్టిగా చదవాలి. ఆ మాటలు నిజంగా ఎవరి కోసమో వాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. చదవడం అయిపోగానే ఉండరు. ఆ కాసేపూ వాళ్ళు తమ ఇంట్లోనో ఆఫీసులోనో కునుకు తీస్తారు, లేచాక ఏమీ గుర్తుండదు. బయట ఎంత వాన కురుస్తున్నా అలా వచ్చినవాళ్ళు తడవరు. నోరు విప్పరు. చదివేవాళ్ళ మొహం తప్ప ఇంకెటూ చూడరు. టైలరు మర్యాద కొద్దీ వాళ్ళ ముందు ఓ కప్పు టీ పెట్టేవాడు. దాని మీద మీగడ కట్టడమే గానీ ఎవరూ తాగిన పాపాన పోలేదు. వీధిలో ఎవరికీ దీని గురించి పెద్ద పట్టింపు లేదు. పురపాలక సంఘం అధ్యక్షుడు మీటింగు మధ్యలో తూగుతుంటే, "పాపం, ఎక్కడో ఎవరో ఆయన్ని పొగుడుతున్నట్టున్నారు" అని పక్కవాళ్ళు ఊరుకునేవాళ్ళు.

ఎవరొచ్చినా టైలరు టేపు చేతికి చుట్టుకుంటూ అడిగేది ఒకటే. "ఎవరితో చెబుతున్నావు? ఎందుకు? ఏ గొంతుతో?"

జనం చెప్పే జవాబు ఒకటి, కుర్చీ చెప్పేది ఇంకొకటి. పదవీ విరమణ చేస్తున్న పాత మేనేజరు గురించి ఒక గుమాస్తా కళ్ళనీళ్ళు పెట్టుకుని చదివితే, కొత్త మేనేజరు వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పుస్తకాలు చదవడం వల్ల లాభాలంటూ ఒక అమ్మాయి వ్యాసం చదివితే, ఎర్ర పెన్ను పట్టుకున్న పరీక్షకురాలు వచ్చి ఆవలించింది. పోటీలో పాడబోయే జోలపాటని ఒకావిడ రాగాలు తీసి పాడితే, న్యాయనిర్ణేతలు ఇద్దరు ఒకే కుర్చీలో ఇరుక్కుని తంటాలు పడ్డారు. అదే ఆవిడ వెళ్తూ వెళ్తూ సంచీ సర్దుకుంటూ, అదే పాట కూనిరాగం తీసింది. నోట్లో వేలేసుకుని ఆవిడ పిల్ల వచ్చింది. "ఇదే పాడండి," అన్నాడు టైలరు.

బొమ్మలకీ అంతే. ఒక చిత్రకారుడు సూర్యాస్తమయం వేసి తెచ్చి కుర్చీ ఎదుట నిలబెట్టాడు. ఎంతకీ ఎవరూ రాలేదు.

"ఎవరి కోసం వేశావు?"

"హోటల్లో గోడ ఖాళీగా ఉందంటేనండి."

"మరి గోడ రావాలంటే కష్టమే," అన్నాడు టైలరు.

ఇంత తెలిసినవాడు ఒక్కసారి మాత్రం కుర్చీ ముందు చదవకుండా ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అది అతని భార్య సంతాప సభలో. మరిచిపోయి కాదు, కావాలనే చదవలేదు. పోయినవాళ్ళు కూడా కొందరి మాటలకి వచ్చి కూర్చోవడం అతను చూశాడు. తను చదివితే ఆవిడ బదులు ఇంకెవరొస్తారోనని భయపడ్డాడు. సభలో మాత్రం ఏడవనివాళ్ళు లేరు. ఒకాయన ఆ కాగితం కావాలని అడిగాడు కూడా. అడిగితే టైలరుకి సంతోషం వేసింది, ఆ సంతోషం మొహం మీద కనిపించింది. కూతురు అది చూసింది.

"జనం ఏడవడానికి మధ్యమధ్యలో చోటు వదిలావు నాన్నా," అంది బయటికొచ్చాక. "ఆ చోట్లో నువ్వు మంచినీళ్ళు తాగావు."

అప్పట్నుంచి ఆ పిల్ల ఇంటికి రాలేదు. అదే ఊళ్ళో, ఇంకో మూల, స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేస్తోంది. అతను ఎన్నోసార్లు ఆమె కోసం రాశాడు. రాసిన ప్రతిదీ బాగుండేది. బాగుండడం చూసి చింపేసేవాడు. కూతురు లేని లోటు అతనికి ఒంట్లో నొప్పిలాగే ఉండేది, కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒక ముసురు రోజు మధ్యాహ్నం ఫ్రిజ్ మెకానిక్ ఒకతను పనిముట్ల సంచీతో లోపలికొచ్చి, కాళ్ళు పట్టా మీద చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఒకమ్మాయితో మాట్లాడాలండి. పెళ్ళి సంగతి."

"మాట్లాడు. ఎవరొద్దన్నారు?"

"నోరు తెరిస్తే కంప్రెసర్ గురించి తప్ప ఏమీ రాదండి. సాయంత్రం కలుస్తానంది. ఏం చెప్పినా నీ సొంత మాటల్లో చెప్పు, అరువు మాటలు తేవద్దు అంది."

"మరి ఇక్కడికెందుకొచ్చావు బాబూ?"

"సొంత మాటల కోసమేనండి. కాస్త మంచివి చూసి రాసిపెట్టండి."

టైలరు నవ్వు ఆపుకున్నాడు. ఎదుటి బల్ల మీద అలవాటుగా టీ కప్పు పెట్టి, "ముందు నీకొచ్చిందేదో చెప్పు. కుర్చీ వైపు చూసి చెప్పు," అన్నాడు.

మెకానిక్ కుర్చీ వైపు తిరిగాడు. "మీ స్కూల్లో వాటర్ కూలర్ పోయినవారం చెడలేదండి. అంతకుముందూ చెడలేదు. నేనే వెళ్ళేటప్పుడు వైరు కాస్త వదులు చేసి వెళ్ళేవాణ్ణి. మీరు పిల్లల బొమ్మలు గోడకి అంటిస్తుంటే చూడొచ్చని. ఆఖరికి వంకర బొమ్మలు కూడా మీరు కళ్ళెదురుగా అంటిస్తారు, మూలకి నెట్టరు. అది నాకు బాగుంటుంది. నేనూ కొంచెం వంకరే."

కుర్చీలో అమ్మాయి ఉంది. వేళ్ళకి రంగు సుద్ద. జుట్టులో అప్పుడే ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. మెకానిక్ మొహంలోకి చూస్తూ, నవ్వొస్తుంటే పెదవి కొరుక్కుంటోంది. టైలరు తన కోసం పోసుకుంటున్న టీ చేతి మీదే ఒలికింది. అది తన కూతురు.

అతను మాట ఆపగానే కుర్చీ ఖాళీ అయింది.

"వచ్చిందండీ!" అన్నాడు మెకానిక్. "అంటే సరిపోయినట్టేనా?"

సరిపోయింది. ఆ ముక్క అనేసి పంపించేస్తే పోయేది. కానీ టైలరు కళ్ళ ముందు ఇంకా ఆ సుద్ద వేళ్ళే ఉన్నాయి. ఇన్నేళ్ళకి ఆమె వినడానికి వచ్చింది, ఇంకొకడి మాట కోసమైనా సరే. ఆశ చాలా చెడ్డది.

"బానే ఉంది. ఒక్క కుట్టు పడాలి," అన్నాడు. చీటీ మీద ఒక వాక్యం రాసి ఇచ్చాడు. కాలు బల్ల కింద ఆడుతూనే ఉంది.

మెకానిక్ చూసి తల గోక్కున్నాడు. "ఇది నా సొంతమేనా అండి?"

"సొంతం చేసుకుంటే సొంతమే. చదువు."

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. కూలర్ దగ్గర ఆమె వచ్చింది, వంకర బొమ్మల దగ్గర నవ్వింది. ఆ తర్వాత చీటీ పైకెత్తి, "నీ మౌనం ఎన్నేళ్ళు సాగినా, నీ పిలుపు కోసం ఈ గుమ్మం కళ్ళు తెరుచుకునే ఉంది," అని చదివాడు.

నవ్వు ఆగిపోయింది. ఆమె మెల్లగా తల తిప్పి టైలరు వైపు చూసింది. కుర్చీలోకి వచ్చినవాళ్ళు అలా చూడడం అతను ఎప్పుడూ ఎరగడు. సభ బయట ఎలా చూసిందో అచ్చం అలాగే చూసింది. చదవడం ఇంకా పూర్తి కాకుండానే లేచి నిలబడింది, ఆపైన లేదు.

మెకానిక్ మొహం పాలిపోయింది. "మధ్యలో లేచిపోయిందండి. నా పని అయిపోయిందా?"

టైలరు చీటీ లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. "నీది కాదు. ఇది నీ మాట కాదు. నా మాట కూడా కాదు, నా దుకాణం మాట. నువ్వు మొదట చెప్పిందే చెప్పు. వైరు సంగతితో సహా."

"వైరు సంగతి కూడానా? కోప్పడితే?"

"కోప్పడితే విను. వినడం అందరికీ చేతకాదు, నీకు చేతనయ్యేట్టుంది. నడు."

అతను సంచీ తల మీద పెట్టుకుని వానలో పరుగెత్తాడు. తను ఎవరో టైలరు చెప్పలేదు.

అతను వెళ్ళి గంట కావస్తోంది. కుర్చీ ముందు టీ చల్లారిపోయింది. టైలరు ఇంకో కప్పు కడుగుతూ గోడ వైపే నిలబడ్డాడు. వెనక్కి తిరిగితే ఎవరు కూర్చుని ఉంటారోనన్న పాత భయం పోలేదు. కాగితం లేదు, గొంతు సవరించుకోలేదు. కుళాయి కట్టేసి మాట్లాడాడు.

"మీ అమ్మ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదమ్మా. ఎందుకు రాలేదో తెలీదు. సిగ్గేసింది. నాకు చేతనైన పని అదొక్కటే, అది చేశాను. జనం ఏడుస్తుంటే నా బదులు ఏడుస్తున్నారు కదా అనుకున్నాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ఉప్పు డబ్బా కనపడలేదు. అది ఎక్కడ పెట్టేదో అడుగుదామని పిలిచాను, మీ అమ్మని. అప్పుడొచ్చింది. ఎవరూ లేరు చూడ్డానికి. నువ్వుంటే బాగుండుననుకున్నాను."

ఇంకేమీ లేదు చెప్పడానికి. వచ్చినవాళ్ళెవరైనా ఉంటే ఈపాటికి వెళ్ళిపోయి ఉంటారని కాసేపు ఆగి, వెనక్కి తిరిగాడు.

కూతురు కుర్చీలో ఉంది. మాటలు అయిపోయాయి, ఆమె మాత్రం ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. కుర్చీకి ఆనించిన గొడుగు నుంచి నీళ్ళు కారి, పొద్దున తుడిచిన గచ్చు మీద బల్ల దాకా పారుతున్నాయి.

టైలరు ఆ నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు.

"స్టాఫ్ రూంలో కునుకు పట్టింది," అంది ఆమె. "లేచేసరికి నీ మీద ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో తెలీలేదు. ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని బస్సెక్కాను."

"వచ్చి ఎంతసేపయింది?"

"ఉప్పు డబ్బా కంటే ముందే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అది వాన నీళ్ళయి ఉండొచ్చు, వేరేవి అయి ఉండొచ్చు. "స్టవ్ కింద అరలో ఉండేది. నీకెప్పుడూ తెలీదు."

"తెలీదు," అన్నాడు అతను.

"సాయంత్రం ఒకతను కలుస్తానన్నాడు. అప్పటిదాకా ఉంటాను."

ఆ ఒకతని గురించి టైలరు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. అవి మెకానిక్ సొంత మాటలు.

"సరే, దెబ్బలాడమ్మా," అన్నాడు.

ఆమె బల్ల మీది కప్పు తీసుకుని, మీగడ వేలితో పక్కకి తీసి, ఒక గుక్క తాగి మొహం చిట్లించి అతనికి అందించింది.

"వేడి చేసి తే. తాగి దెబ్బలాడతాను."