పాపకు ఏ శబ్దాలు అందుతున్నాయి

మా పాప జోషితకు పది నెలలు నిండాయి. పిలిస్తే ఒకోసారి తిరుగుతుంది, ఒకోసారి తిరగదు. వినిపించదేమోనని నాకు భయం పట్టుకుంది. మా అత్తగారు వెంకటరమణమ్మ మాత్రం పాప ఎదురుగా కూర్చుని, స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేవారు. పాప చూసేది.

“చూసేవా భవానీ? మా ఇంటా వంటా చెవిటోళ్ళు లేరు. సెల్లులో చూసిన రోగాలన్నీ పిల్లకి అంటగట్టకు.”

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. నా మాటెవరు వింటారు?

ఆ వారమే మామిడికుదురు దగ్గర మా కొబ్బరితోటకి శ్రీకళగారు వచ్చారు. ఆవిడ అమలాపురంలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను పట్టే టెలిస్కోపు కోసం రిసీవరు తయారుచేశారట. అలాంటివి వందలకొద్దీ ఒకే మైదానంలో నిలబెడతారట. మొదటిదాన్ని పరీక్షించడానికి కరెంటు తీగలకి దూరంగా చోటు కావాలంటే మా మామగారు సరేనన్నారు.

పాపను చంకనేసుకుని చూడ్డానికి వెళ్ళాను. ఒక కర్ర, దాని మీంచి వాలుగా దిగిన నాలుగు తీగలు, కింద రేకు పెట్టె, లాప్‌టాప్.

“ఇదేవన్నా కిరణాలు వదులుతుందాండీ? చంటిపిల్లుంది, అందుకని.”

“ఏమీ వదలదండీ. వింటుందంతే.”

ఆవిడ తీగల కేబులు విప్పి, అది దూరే పెట్టె మూతికి చిన్న బిరడా బిగించారు. ఇప్పుడు తెర మీద కనిపించేది ఆకాశానిది కాదట, పెట్టె సొంత రొదట. తర్వాత ఇంకో డబ్బా తగిలించి, హార్మోనియం మెట్లు నొక్కినట్టు కింది స్థాయి నుంచి పై స్థాయికి ఒక్కో సంకేతం పంపారు.

“మనం ఏం పంపేమో మనకి తెలియాలండీ. వేరే దారిలో ఇంకేదీ లోపలికి రాకూడదు. అప్పుడే అది విన్నట్టు.”

తెర మీద గీత చాలాదూరం సమంగా నడిచి, ఒకచోట జారిపోయింది.

“పాడయిందాండీ?”

“లేదండీ, కావాలనే అలా కట్టేం. మాకు కింది స్థాయివే కావాలి. పైన ఎఫ్ఎం స్టేషన్ల గోల. అది దీనికి వినపడదు.”

“అంటే, కొన్ని విని కొన్ని వినకపోవడం ఉంటుందా?”

“ఉంటుందండీ.”

ఇన్నాళ్ళూ వినడం, వినకపోవడం, ఈ రెండే ఉంటాయనుకున్నాను. ఆవిడకి పాప సంగతంతా చెప్పేశాను.

“చెవుల గురించి నాకు తెలియదండీ. కానీ ఎదురుగా కొడితే గరిటె కూడా కనబడుతుంది కదా,” అన్నారు.

ఇద్దరం ఇంటికి వచ్చాం. అరుగు మీద పాపను కూర్చోబెట్టి, దాని చూపు అటే ఉండేలా శ్రీకళగారు ఎదురుగా తాళాలగుత్తి చప్పుడు కాకుండా ఆడించారు. నేను నీడ పడకుండా వెనక నిలబడ్డాను. నేను తెచ్చిన ఖాళీ నీళ్ళ డ్రమ్ము అరుగు మీద వద్దన్నారావిడ. అదురు తెలుస్తుందట. గడ్డిలో పెట్టి అరచేత్తో కొడితే బొంగురుగా మోగింది. పాప గిరుక్కున తిరిగింది.

“చెప్పేనా!” అన్నారు అత్తగారు.

సన్నగా మోగే పూజగంట తెచ్చి వాయించాను. పాప తాళాలే చూస్తోంది. కాసేపాగి మళ్ళీ వాయించాను. తిరగలేదు. డ్రమ్ము కొడితే తిరిగింది.

“నీకు వాయించడం రాదు, ఇలా తే,” అని అత్తగారు గంట లాక్కున్నారు. ఆవిడ వాయిస్తుంటే వీధిలోవాళ్ళు తొంగిచూశారు. పాప చూడలేదు. గంట నాలుకని వేళ్ళతో పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయారు.

“చెవుల డాక్టరు దగ్గర ఇంతకంటే మంచి పరీక్షలుంటాయండీ. త్వరగా చూపించండి,” అన్నారు శ్రీకళగారు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు, నేను అమలాపురం బస్సెక్కాం. పాప కిటికీ పక్కన నా ఒళ్ళో నిలబడింది. వెనక లారీ బొంయ్‌మని హారను కొడితే తిరిగి చూసింది. కండక్టరు విజిలు ఊదితే ఆ ఊసే లేదు. భయం ఎక్కడికీ పోలేదు గానీ, ఏది అందుతోందో, ఏది అందడం లేదో డాక్టరుగారికి చెప్పాలని ఒక్కోటీ గుర్తుపెట్టుకుంటున్నాను.

“బాబూ,” అత్తగారు కండక్టరుని పిలిచారు. “ఇంకోసారి ఊదుతావా? పిల్ల వెనకమాల్నించి.”

“ఎందుకండీ?”

“ఊదవయ్యా, పని ఉంది.”

అతను నవ్వి ఊదాడు. బస్సంతా మా వైపు తిరిగింది. పాప కిటికీ ఊచని నాకుతూ ఉండిపోయింది.