తొలి వాయికి మార్కులు

వాన మొదలయ్యేసరికి యెసీనియా చేతిలో వెనక వీధిలో కొన్న శాండ్‌విచ్ పొట్లం ఉంది. గుండెకు కట్టుకున్న గుడ్డలో తొమ్మిది నెలల నోయెలియా గుక్కపట్టి ఏడుస్తోంది. పళ్ళొస్తున్న పిల్ల, పొద్దుటి నుంచీ అదే వరస. ఆ దరిదాపుల్లో తలదాచుకోవడానికి ఉన్నది బెస్నిక్ పిజ్జా కొట్టు ఒక్కటే. ఇంకే కొట్టయినా అంత ఆలోచించేది కాదు. మూడు వారాల కిందట ఈ కొట్టుకి పదికి నాలుగున్నర మార్కులు వేసింది తనే.

బ్రాంక్స్‌లో ఆ నాలుగు వీధులకీ ఉచితంగా పంచే వారపత్రికలో ఆమె పని అది. వారానికో శాండ్‌విచ్ కొట్టు, ఓ పిజ్జా కొట్టు. అందరిలాగే వెళ్ళాలి, ఓ శాండ్‌విచ్చో, ఉత్త చీజు పిజ్జా ముక్కో కొనుక్కుని నిలబడి తినాలి, ఇంటికొచ్చి ఓ పేరా రాసి మార్కు వేయాలి. కింద పేరుండదు. నువ్వెవరో ఒక్క కొట్టువాడికి తెలిసినా ఆ రోజుతో సరి అని ఎడిటర్ మార్జరీ మొదట్లోనే తేల్చి చెప్పింది. పదకొండో క్లాసులో కడుపుతో బడి మానేసిన యెసీనియాని, సర్టిఫికెట్ ఏదీ అని అడక్కుండా తీసుకున్న ఉద్యోగం అదొక్కటే. అంతకు ముందు పధ్నాలుగు చోట్ల కాదన్నారు. పదిహేనో చోటు ఉంటుందన్న నమ్మకం ఆమెకు లేదు.

మూడు వారాల కిందట వచ్చినప్పుడు పొడుగు కోటూ టోపీ వేసుకుంది, పిల్ల బండిలో పడుకుని ఉంది. ఇప్పుడు పోల్చుకోలేడులే అనుకుని తలుపు తోసింది.

గల్లా పక్కన గోడకి తన రాతే అంటించి ఉంది. 'అడుగు తెల్లగా, తడిసిన అట్టలా ఉంది' అన్న మాట కింద ఎర్రగీత. చటుక్కున చూపు తిప్పుకుంది.

బెస్నిక్ యాభై దాటిన అల్బేనియా మనిషి. ఆమె నోరు విప్పకముందే గట్టిగా కాలిన అంచు ఒకటి తుంచి, ఊది, పిల్ల గుప్పిట్లో పెట్టాడు. నోయెలియా దాన్ని చిగుళ్ళతో నములుతూ ఊరుకుంది. చీజుది ఒకటి చాలని యెసీనియా నేలవైపు చూస్తూ చెప్పింది.

మూల బల్ల దగ్గర రేమండ్ అని రిటైరైన బస్సు డ్రైవరు కూర్చుని తింటున్నాడు.

"ఆ కాగితం ఇంకా పీకలేదా బెస్నికూ? ప్రేమలేఖలా దాచుకున్నావ్."

"అది రాసిన మనిషి దొరికిందాకా ఉంటుందది."

ముక్క వేడెక్కేలోగా బెస్నిక్ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆ రాత చూసి, ఎదురుగా ఉన్న బడివాళ్ళు ప్రతి శుక్రవారం తీసుకునే ఇరవై పిజ్జాలూ వద్దన్నారట. రాసిందెవరో తనకి తెలుసట. బండిలో పసిపిల్లతో వచ్చిన అమ్మాయి. ఆమె వచ్చేసరికి పొయ్యి అప్పుడే వెలిగించాడట. ఆ అమ్మాయి ముక్క ఎత్తి, అడుగు పరీక్షగా చూసి మరీ తిందట.

"పొయ్యి అప్పుడే వెలిగించావా? తొలి వాయి అమ్మావా నువ్వు?" రేమండ్ నిటారుగా కూర్చున్నాడు.

తొలి వాయి కొట్టువాళ్ళు తినేది. పొయ్యిలో పిజ్జా పెట్టే రాయి అప్పటికింకా వేడెక్కదు, అడుగు తెల్లగానే ఉండిపోతుంది. ఆ వీధుల్లో దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ అమ్మరు.

"అమ్మను. కానీ ఆ పిల్ల కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. ఏదుంటే అది ఇవ్వమంది. ఆకలి మీదుందనుకున్నా. నేను తినాల్సింది తీసి పెట్టా."

ఆ వీధుల్లోనే పుట్టి పెరిగిన యెసీనియాకి ఇది తెలియనిది కాదు. పిల్ల లేచేలోగా తినేసి పోవాలన్న కంగారులో ఆ రోజు టైమే చూసుకోలేదు. రాసేటప్పుడైనా గుర్తు రాలేదు.

కాగితం పళ్ళెంలో ముక్క వచ్చింది. అందరిలా మధ్యకి మడిచి తినేసి బయటపడాలి, అడుగు వంక చూడకూడదు. అలా అనుకుంటూనే ఉంది, చెయ్యి దాని మానాన అది ముక్కని కంటి ఎత్తుకి లేపింది. అడుగంతా గోధుమరంగు, అక్కడక్కడా నల్లమచ్చలు. దింపేసరికి రేమండ్ నమలడం ఆపేశాడు.

బెస్నిక్ చేతులు తుడుచుకుంటూ గల్లా ఇవతలికి వచ్చాడు.

"నువ్వేనా అమ్మాయ్?"

అడుగు చూడటం మా నాన్న దగ్గర నేర్చుకున్న అలవాటు అనేస్తే చాలు. మాట నాలుక చివరదాకా వచ్చింది. వెనకే తలుపు. కాదంటే బెస్నిక్ మాత్రం ఏం నిరూపిస్తాడు? అవునంటే రేపటి నుంచి మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలి?

"నేనే బాబాయ్," అంది. "తొలి వాయని చూసుకోలేదు. తప్పు నాది."

అతను అరుస్తాడని పిల్ల తల చేత్తో కప్పింది. బెస్నిక్ అరవలేదు. గోడ మీది కాగితం వైపు చెయ్యి చూపించాడు.

"మరి ఆ మాటే రాయి."

"రాస్తాను."

చేతిలోది చల్లారకముందే నిలబడి ఆఖరిదాకా తింది.

బయట చూరు కిందికొచ్చి మార్జరీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"కాదనుండొచ్చుగా నువ్వు?"

"అనుండొచ్చు మేడమ్."

మార్జరీ సాయంత్రానికల్లా సవరణ పంపమంది. అదే ఆఖరిదనీ, పెట్టిన షరతు తనే తప్పలేననీ అంది. తెలుసంది యెసీనియా.

"ఇంతకీ మార్కెంత?"

కొట్టు అద్దంలోంచి లోపలికి చూసింది. బెస్నిక్ బల్ల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, ఇటు చూడనట్టు నటిస్తున్నాడు. ఎనిమిది అంటే బడివాళ్ళు మళ్ళీ వస్తారేమో. ఎలాగూ ఆఖరిదే, ఎవరడుగుతారు? నాలుకతో పళ్ళ వెనక మిగిలిన రుచిని ఒకసారి తడుముకుంది.

"ఏడుంపావు."

"ఆ పావేంటి?"

"అడుగు బాగా కాల్చాడు మేడమ్. సాసులోనే కాస్త తీపెక్కువ."